టవర్ మీది తెల్ల పెట్టె: ఒక స్పెక్ షీట్‌ను డోర్నకల్ నుంచి చదివితే

"సిగ్నల్ నిండుగనే ఉన్నది గదా, మరి ఫైల్ ఎందుకు పోతలేదు?"

రాత్రి పదకొండు దాటింది. మా చెల్లె స్కాలర్‌షిప్ ఫారానికి అదే ఆఖరి రోజు. ఆదాయం సర్టిఫికెట్ రెండు ఎంబీలు కూడా లేదు. ఫోన్‌లో 5జీ, నాలుగు గీతలు. అదే ఫోన్‌లో అరగంట కింద సినిమా పాటలు ఒక్కసారి ఆగకుండా చూసినం. కానీ అప్‌లోడ్ నొక్కితే మాత్రం ఆ గుండ్రం తిరుగుతనే ఉంది. చివరికి విసుగొచ్చి సెట్టింగ్స్‌లో 5జీ తీసేసి 4జీ పెట్టిన. నిమిషంలో పోయింది.

చెల్లె ఊరుకోలేదు. "టవర్ మీద కొత్త డబ్బా పెట్టిన్రు, ఇగ మనకు తిప్పల్లేవు అన్నవు గదా. ఇదేనా?"

ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్న నేను జవాబు చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఆ డబ్బా ఏమిటో, దాని స్పెక్ షీట్‌లో ఏం రాసి ఉంటుందో కూర్చుని చదివాను. చదివింది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం. ఇందులో నేను వాడిన అంకెలు ఏ ఒక్క పెట్టెకో సంబంధించినవి కావు. 3.5 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే 32టీ32ఆర్ రకం పెట్టెల్లో మామూలుగా కనిపించే అంకెలు. క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదవండి, లెక్కలన్నీ మనకు వచ్చినవే.

రేడియో కిందినుంచి పైకి ఎలా ఎక్కింది?

పాత టవర్ల కింద ఒక గది ఉండేది, అందులో ఏసీ. రేడియో, పవర్ యాంప్లిఫయర్ అన్నీ ఆ గదిలోనే. అక్కడినుంచి చెయ్యి లావు కేబుల్ టవర్ పైదాకా పోయి యాంటెన్నాకు తగిలేది. నలభై మీటర్ల కేబుల్, దానికి రెండు కొసల్లో కనెక్టర్లు. అన్నీ కలిపి దాదాపు 3 డెసిబెల్ నష్టం. అంటే కింద పుట్టిన పవర్‌లో సగం పైకి చేరకముందే వేడిగా పోయేది.

తర్వాత రేడియోను విడిగా ఒక పెట్టెలో పెట్టి యాంటెన్నా వెనకాల కట్టారు. కిందినుంచి పైకి ఫైబర్, కరెంటు తీగ మాత్రమే పోతాయి. రేడియోకూ యాంటెన్నాకూ మధ్య చిన్న జంపర్ కేబుళ్లు మిగిలాయి. మూడో అడుగు, ఆ జంపర్లు కూడా తీసేసి రేడియోనూ యాంటెన్నానూ ఒకే పెట్టెలో పెట్టడం. ఎరిక్సన్ 2011లో దీన్ని 'ఎయిర్' అనే పేరుతో తెచ్చింది. ఆ పేరుకు విస్తరణ యాంటెన్నా ఇంటిగ్రేటెడ్ రేడియో. ఇప్పుడు నోకియా, శాంసంగ్, హువావే అన్నీ ఇలాంటి పెట్టెలు చేస్తున్నాయి.

కేబుల్ నష్టం తగ్గడం ఒక లాభం మాత్రమే. అసలు సంగతి 2010లో మొదలైంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే థామస్ మార్జెట్టా ఒక పేపర్ రాశాడు. టవర్ మీద యాంటెన్నాలు పదుల్లో, వందల్లో పెంచుకుంటూ పోతే ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో చాలామందితో విడివిడిగా మాట్లాడవచ్చని అందులో లెక్క కట్టాడు. దాన్నే ఇప్పుడు మాసివ్ మైమో అంటున్నాం. 32 రేడియోలకు 32 కేబుళ్లు టవర్ మీద వేలాడదీయడం అయ్యే పని కాదు. కాబట్టి యాంటెన్నా, రేడియో ఒకే పెట్టెలోకి రాక తప్పలేదు.

32టీ32ఆర్ అంటే

స్పెక్ షీట్‌లో మొదట కనబడే మాట ఇది. 32 ట్రాన్స్‌మిటర్లు, 32 రిసీవర్లు. పక్కనే 'యాంటెన్నా ఎలిమెంట్లు 192' అని ఉంటుంది. మరి 32 రేడియోలకు 192 ఎలిమెంట్లు ఎందుకు?

పెట్టె ముందు మూత తీస్తే నిలువున 12 వరసలు, అడ్డంగా 8 నిలువు గళ్లు ఉన్నాయనుకోండి. మొత్తం 96 చోట్లు. ఒక్కో చోట రెండు పోలరైజేషన్లు, ఒకటి ఇటు 45 డిగ్రీలు వాలి, ఒకటి అటు 45 డిగ్రీలు వాలి. 96ను రెండుతో గుణిస్తే 192. నిలువున ఉన్న ఆరారు ఎలిమెంట్లను కలిపి ఒక్కో రేడియోకు ఇస్తే, నిలువుకు 2, అడ్డానికి 8, పోలరైజేషన్లు 2. గుణిస్తే 32. ఆరుకు బదులు మూడేసి కలిపితే 64 వస్తాయి. అదే 64టీ64ఆర్.

32కూ 64కూ తేడా ఎక్కడుందో చూశారా? అడ్డంగా రెండింటిలోనూ ఎనిమిదే. తేడా అంతా నిలువులో ఉంది. 64 ఉన్న పెట్టె బీమ్‌ను పైకీ కిందికీ ఎక్కువ కోణాల్లో తిప్పగలదు. హైదరాబాద్ గచ్చిబౌలిలో ముప్పై అంతస్తుల మేడలో నాలుగో అంతస్తు వాళ్లకూ ఇరవయ్యో అంతస్తు వాళ్లకూ వేరువేరు బీమ్‌లు కావాలి. డోర్నకల్‌లో జనమంతా దాదాపు ఒకే ఎత్తులో ఉంటారు. ఇక్కడ 32 సరిపోతుంది. "మా ఊరికి తక్కువ అంకె ఎందుకు?" అని కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు.

అడ్డంగా ఎనిమిది గళ్లుంటే, వాటి మధ్య దూరం సగం తరంగదైర్ఘ్యం అయితే, బీమ్ వెడల్పు సుమారు 12.7 డిగ్రీలు. కిలోమీటరు దూరంలో అది దాదాపు 220 మీటర్ల వెడల్పు. రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒక బీమ్, బస్టాండ్ మీద ఇంకో బీమ్ అన్నట్టు ఊరిని పంచుకోవచ్చన్న మాట.

3.5 గిగాహెర్ట్జ్ ఎందుకు, 700 మెగాహెర్ట్జ్ ఎందుకు కాదు?

2022 ఆగస్టు 1న ముగిసిన వేలంలో 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అమ్ముడుపోయింది. అంతకుముందు రెండుసార్లు ఎవరూ కొనని 700 మెగాహెర్ట్జ్ కూడా అప్పుడే తొలిసారి అమ్ముడైంది. అదే ఏడాది అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది.

తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుందని మనకు తెలుసు. మరి ఈ మాసివ్ మైమో పెట్టెను 700లో ఎందుకు చేయరు? తరంగదైర్ఘ్యం లెక్కేయండి. 3.5 గిగాహెర్ట్జ్‌లో అది 8.6 సెంటీమీటర్లు, అందులో సగం 4.3. ఎనిమిది గళ్లకు 34 సెంటీమీటర్ల వెడల్పు చాలు. అంటే మన కాలేజీ డ్రాయింగ్ బోర్డు కన్నా తక్కువ. 700 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగదైర్ఘ్యమే 21 సెంటీమీటర్లు దాటుతుంది. అదే ఎనిమిది గళ్లకు 1.7 మీటర్ల వెడల్పు కావాలి. టవర్ మీద తలుపంత పలక నిలబెట్టి, చైత్ర వైశాఖాల్లో గాలిదుమారం వస్తే ఏమవుతుందో ఆలోచించండి. స్పెక్ షీట్‌లో 'విండ్ లోడ్' అని న్యూటన్లలో ఇచ్చే అంకె ఇందుకే. సివిల్ వాళ్లకూ మనకూ అక్కడ చుట్టరికం కలుస్తుంది.

200 వాట్లు ఒకవైపు, బల్బు కన్నా తక్కువ ఇంకోవైపు

ఇప్పుడు మా చెల్లె ప్రశ్నకు వద్దాం. షీట్‌లో 'ఔట్‌పుట్ పవర్ 200 వాట్లు' అని ఉంటుంది. అంటే 53 డీబీఎం. దీనికి యాంటెన్నా గెయిన్ కలపాలి. ఒక్కో పోలరైజేషన్‌కు 96 ఎలిమెంట్లు, లాగరిథమ్ తీస్తే సుమారు 20 డెసిబెల్. ఒక్కో ఎలిమెంట్ సొంత గెయిన్ ఇంకో నాలుగైదు. మొత్తం 24.5 అనుకుందాం. 53కు 24.5 కలిపితే 77.5 డీబీఎం. ఇదే షీట్‌లో ఈఐఆర్‌పీ అనే పేరుతో కనిపించే అంకె. వాట్లలో చెప్పాలంటే 56 వేలు. పెట్టె నిజంగా 56 కిలోవాట్లు పుట్టించదు. బీమ్ నడిమధ్యలో నిలబడ్డవాడికి, అన్ని దిక్కులకూ సమానంగా చల్లే 56 కిలోవాట్ల యాంటెన్నా ఎంత బలంగా అనిపిస్తుందో అంత బలంగా అనిపిస్తుంది, అంతే.

మరి ఫోన్? మామూలుగా 23 డీబీఎం. అంటే 200 మిల్లీవాట్లు. పెట్టెకు 200 వాట్లు, ఫోన్‌కు 200 మిల్లీవాట్లు. సరిగ్గా వెయ్యి రెట్ల తేడా. గుట్ట మీద మైకు పెట్టి మాట్లాడేవాడి మాట ఊరంతా వింటుంది. కిందినుంచి మనం చెప్పే జవాబు ఆయనకు వినబడాలి కదా!

ఫోన్ మీది గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ మాట మన ఫోన్‌కు ఎంత బాగా వినబడుతున్నదో. మన మాట టవర్‌కు ఎంత వినబడుతున్నదో ఆ గీతలు చెప్పవు. నాలుగు గీతలుండి, పాటలు ఆడి, సర్టిఫికెట్ మాత్రం పోకపోవడంలో వింతేమీ లేదు.

ఇంకో చిక్కు. 3.5 గిగాహెర్ట్జ్‌లో పైకీ కిందికీ ఒకే ఫ్రీక్వెన్సీ. సమయాన్ని పంచుకుంటారు. సాధారణంగా ఐదు స్లాట్లలో ఫోన్‌కు దక్కేది దాదాపు ఒకటి. 4జీలో 900 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్ అయితే ఫోన్‌కు పూర్తి సమయం సొంత దారి ఉంటుంది.

రెండూ పోల్చి చూద్దాం. 900తో పోలిస్తే 3500లో దారి నష్టం దాదాపు 12 డెసిబెల్ ఎక్కువ. ఐదోవంతు సమయమే దొరకడం వల్ల ఇంకో 7 డెసిబెల్ నష్టం. మొత్తం 19. అయితే న్యాయంగా చెప్పాలంటే పెట్టెకు పెద్ద చెవులున్నాయి. 4జీ యాంటెన్నా కన్నా ఓ 8 డెసిబెల్ బాగా వింటుంది. అది తీసేస్తే 11 డెసిబెల్ మిగులుతుంది. అంటే పన్నెండు రెట్లకు పైగా. ఇంటి గోడల నష్టం ఇందులో కలపలేదు. అది కూడా 3500లోనే ఎక్కువ. ఆ రాత్రి 4జీకి మారిస్తే ఫైల్ ఎందుకు పోయిందో ఈ లెక్కతో తేలింది.

కాబట్టి టవర్‌కు దూరంగా ఉన్న ఇంట్లో, గీతలున్నా అప్‌లోడ్ కాకపోతే 4జీకి మార్చి చూడండి. చాలాసార్లు పనవుతుంది. ఆఖరి నిమిషం దాకా ఆగకపోవడం ఇంకా మంచిదనుకోండి, అది వేరే సంగతి.

ఈ సమస్య మీద సంగారెడ్డి జిల్లాలో జరిగిన పని

ఇది మన ఒక్క ఇంటి గోస కాదు. దేశంలోని పల్లెల గోస. మన దేశంలో టెలికాం ప్రమాణాలు చూసే టీఎస్‌డీఎస్ఐ అనే సంస్థ దీన్ని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ముందు పెట్టింది. పల్లెల్లో జనం నెమ్మదిగా కదులుతారు, టవర్లు మాత్రం దూరదూరంగా ఉంటాయి. కాబట్టి టవర్‌కూ టవర్‌కూ మధ్య 6 కిలోమీటర్లు పెట్టి కూడా 5జీని పరీక్షించాలని అడిగింది. 2017లో అది ఐటీయూ పరీక్షా నియమాల్లో చేరింది.

ఆ దూరాన్ని ఫోన్ అందుకోవాలంటే ఏం చేయాలి? కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్ వాళ్లు, ఐఐటీ మద్రాస్ వాళ్లు, చెన్నైలోని సెవిట్ వాళ్లు కలిసి 'పై బై టూ బీపీఎస్‌కే' అనే మాడ్యులేషన్‌ను సానబెట్టారు. నెత్తిన బిందె పెట్టుకుని నడిచే మనిషిని తలచుకోండి. నడక కుదుపుగా ఉంటే నీళ్లు ఒలుకుతాయి. అందుకే బిందెను వెలితిగా నింపుతాం. నడక సాఫీగా ఉంటే అంచుదాకా నింపొచ్చు. మామూలు ఓఎఫ్‌డీఎం సిగ్నల్‌లో ఎత్తుపల్లాలు ఎక్కువ. ఫోన్‌లోని యాంప్లిఫయర్ పూర్తి పవర్‌తో నడవలేదు, వెలితి ఉంచుకోవాలి. ఈ కొత్త పద్ధతిలో సిగ్నల్ సాఫీగా ఉంటుంది కాబట్టి అంచుదాకా నింపి పంపొచ్చు. దీన్ని చేర్చుకున్న మన దేశపు ప్రమాణానికి 5జీఐ అని పేరు. ఐటీయూ దాన్ని ఒప్పుకుంది. తర్వాత అది ప్రపంచమంతా వాడే 3జీపీపీ ప్రమాణంలో కలిసింది. 2022లో ఐఐటీ హైదరాబాద్, అక్కడే పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్ కలిసి ఇక్కడే తయారైన 5జీ పరికరాలతో డేటా కాల్ చేసి చూపించాయి.

ఫైబర్, కరెంటు, ఎండ

షీట్‌లో '25 గిగాబిట్ ఈసీప్రి' అని ఒక వరస ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను సెకనుకు 122.88 మిలియన్ శాంపిళ్లుగా తీస్తారు. ఒక్కో శాంపిల్‌కు రెండు అంకెలు, ఒక్కో అంకెకు 15 బిట్లు. 32 రేడియోలకు లెక్కేస్తే సెకనుకు 118 గిగాబిట్లు! ఒక పెట్టెకే ఇంత కిందికి పంపడం దండగ. అందుకే బీమ్ తయారుచేసే లెక్కలు కొన్ని పెట్టెలోనే చేస్తారు. 32 దారుల డేటాకు బదులు నిజంగా వాడుతున్న కొద్ది దారుల డేటానే ఫైబర్ మీద పోతుంది. 2017లో వచ్చిన ఈసీప్రి ప్రమాణం ఇందుకోసమే. ఆ రకంగా ఇది యాంటెన్నా, రేడియో మాత్రమే కాదు, లోపల ఒక కంప్యూటర్ కూడా.

కంప్యూటర్ అంటే కరెంటు. పెట్టె 800 వాట్లు తింటుందనుకుందాం. మూడు సెక్టార్లకు 2.4 కిలోవాట్లు. 48 వోల్టుల మీద 50 ఆంపియర్లు. 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటే కాగితం మీద నాలుగు గంటలు వస్తుంది, అది కూడా అదే బ్యాటరీ మీద 4జీ రేడియోలు ఏవీ లేకపోతే. రాత్రిళ్లు జనం పడుకున్నాక కొన్ని రేడియోలను నిద్రపుచ్చే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్రతి పెట్టెలో ఉండేది ఇందుకే.

తిన్న 800లో 200 గాల్లోకి పోతే మిగిలిన 600 వేడి. ఫ్యాన్ ఉండదు. వెనకాల దువ్వెన పళ్లలాంటి అల్యూమినియం రెక్కలే దిక్కు. షీట్‌లో 'మైనస్ 40 నుంచి ప్లస్ 55 డిగ్రీలు' అని చదివి మనకేం ఢోకా లేదనుకుంటాం. మే నెలలో కొత్తగూడెం వైపు నీడలో 44, 45 డిగ్రీలు సాధారణం. టవర్ మీద నీడ లేదు. చదరపు మీటరుకు దాదాపు కిలోవాట్ ఎండ, పావు చదరపు మీటరు పెట్టె అంటే ఇంకో రెండు వందల పైచిలుకు వాట్లు. తెల్ల రంగు అందం కోసం వేసింది కాదు.

రైలు పోతుంటే?

డోర్నకల్ అంటే జంక్షన్. కాజీపేట, విజయవాడ మెయిన్ లైన్. ఇక్కడినుంచే భద్రాచలం రోడ్ వైపు చీలిక. సింగరేణి బొగ్గు ఈ దారిలోనే పోతుంది. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు 10 మిల్లీసెకన్లలో 36 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే 3.5 గిగాహెర్ట్జ్‌లో నాలుగు తరంగదైర్ఘ్యాలు.

మాసివ్ మైమో ఫోన్ పంపే చిన్న సిగ్నల్‌ను విని, ఆ దారి గుర్తుపెట్టుకుని, అదే దారిలో బీమ్ పంపుతుంది. ప్లాట్‌ఫాం మీద చాయ్ తాగుతున్నవాడికి ఆ గుర్తు చాలాసేపు పనికొస్తుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాడికి పది మిల్లీసెకన్లకే పాతబడుతుంది. 12 డిగ్రీల వెడల్పు బీమ్ అతని మీదే ఉంటుంది, కానీ ఒకే బీమ్‌లో ఇద్దర్ని విడదీసే సున్నితమైన పని దెబ్బతింటుంది. అందుకే షీట్ మీది పెద్ద స్పీడ్ అంకెలు కదలకుండా కూర్చున్నవాళ్లవి అనుకుని చదవాలి.

నానమ్మ ప్రశ్న

56 వేల వాట్ల మాట నేను ఇంట్లో అన్నప్పుడు నానమ్మ విన్నది. "గంత పవరా? మనకేం గాదా బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న. లెక్కేసి చెప్పాను. మొత్తం బీమ్ మన మీదే ఆగిపోయిందనుకున్నా 100 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు 0.45 వాట్లు. 2012 సెప్టెంబర్ 1న మన దేశం అమలుచేసిన పరిమితి ఈ బ్యాండ్‌లో 1 వాట్. అంతర్జాతీయ పరిమితిలో అది పదో వంతు. నిజంలో బీమ్ ఒకచోట ఆగదు, మన ఇల్లు దాని నడిమధ్యలో ఉండదు. కాబట్టి సగటు దీనికన్నా చాలా తక్కువ. కానీ 50 మీటర్లకు వస్తే అదే లెక్క 1.8 అవుతుంది. కాబట్టి యాంటెన్నాకు ఎదురుగా, అదే ఎత్తులో, దగ్గర్లో మేడ ఉంటే పట్టించుకోవాల్సిందే. ప్రభుత్వం 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మన చుట్టుపక్కల టవర్ల వివరాలు ఎవరైనా చూసుకోవచ్చు.

బావ మాట

మా దూరపు బావ ఒకతను రిగ్గర్. టవర్లెక్కి పెట్టెలు బిగిస్తాడు. నేను ఇంత చదివి, "బావా, స్పెక్ షీట్‌లో నువ్వు మొదట ఏం చూస్తవు?" అని అడిగిన.

"బరువు," అన్నాడు. "మీరు కాగితం మీద రాసే కిలోలు మా భుజాల మీదికొస్తయి."

తొలినాటి 64టీ పెట్టెలు 40 నుంచి 60 కిలోల దాకా ఉండేవి. తర్వాత ఎరిక్సన్ తెచ్చిన ఎయిర్ 3268, 32 రేడియోలు, 200 వాట్లతో 12 కిలోలకు దిగింది. నాకు అది పేజీ చివర కనిపించే ఒక వరస. తాడుకు వేలాడుతూ నలభై మీటర్ల ఎత్తులో బోల్ట్ బిగించేవాడికి అదే మొదటి వరస. బావ ఇంకోమాట కూడా చెప్పాడు. పెట్టె ఆఫ్ చేసినట్టు కిందినుంచి మాట వచ్చేదాకా దాని ముందుకు పోడట. 100 మీటర్ల దగ్గరి లెక్క మీరు చూశారు కదా, మీటరు దూరంలో ఏమిటో వేరే చెప్పాలా?

మనలో కొందరం రేపు ఇలాంటి పెట్టెలను డిజైన్ చేస్తాం. ఇంకొందరం టెస్ట్ చేస్తాం. షీట్ చేతికొచ్చినప్పుడు 200 వాట్ల దగ్గర ఆగకుండా మూడు సంగతులు చూద్దాం: అటువైపు ఫోన్ ఎంత పంపగలదు, కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది, పైకి మోసేవాడికి ఎంత బరువు.

చెల్లెకు ఇదంతా చెప్పిన. మొత్తం విని, "అయితే వచ్చే ఏడు ఫారం పగటిపూట స్టేషన్ కాడికి పోయి పంపుత," అన్నది. టవర్ అక్కడికి దగ్గర. నా మూడేళ్ల ఇంజనీరింగ్‌ను ఒక్క ముక్కలో చెప్పేసింది.